తృప్తి గల కుటుంబం

మా నాయన స్తోత్రం చెయ్యని వస్తువంటూ మా ఇంట్లో ఉండేది కాదు. వాన పడితే స్తోత్రం. పడకపోతే మిద్దె కారలేదని స్తోత్రం. యుద్ధం రోజుల్లో బియ్యం దొరక్క మూడు పూటలా రాగిసంగటి మింగాల్సి వచ్చినప్పుడు, సంగటి నమలక్కరలేదు కాబట్టి పళ్ళు అరగవని స్తోత్రం. ఒకసారి పెరట్లో తేలు ఆయన కుడికాలిని కుట్టింది. నొప్పికి ముఖమంతా చెమట పట్టినా పళ్ళు బిగించి, "ఎడమకాలు బాగుండాది, దేవునికి స్తోత్రం" అన్నాడు. కాలికి గుడ్డ కడుతున్న అమ్మ తలెత్తకుండానే, "తొందరపడొద్దు, తేలు ఇంకా ఈడే యాడో ఉండాది" అంది.

వాళ్ళిద్దరి సంసారం ఎలాంటిదో చెప్పడానికి నాకు ఇంతకంటే మంచి ఉదాహరణ దొరకదు.

నాయన ఉపదేశి. పాస్టరుగారు ఊళ్ళో చర్చి చూసుకుంటే, చుట్టుపక్కల పల్లెలకు కాళ్ళరిగేలా తిరిగి ప్రార్థన చేయించడం, పిల్లలకు అక్షరాలు దిద్దించడం, పెళ్ళికీ చావుకీ ముందు నిలబడటం ఉపదేశి పని. వీళ్ళందరి మీదా ఒక తెల్లదొర ఉండేవాడు. ఎవరు ఏ ఊళ్ళో ఉండాలో ఏడాదికొకసారి జరిగే పెద్ద మీటింగులో ఆయనే తేల్చేవాడు. మేము ఆయన్ను దొరగారు అనేవాళ్ళం. మంచివాడు. ఆ మంచితనం వల్ల మాకేం జరిగిందో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

మా వాళ్ళలో ఒక ఆచారం ఉండేది. ప్రతి శుక్రవారం సాయంత్రం ఒక్కో ఇంట్లో స్తోత్రకూటం. పాట, వాక్యం అయ్యాక వరసగా ఒక్కొక్కరే లేచి ఆ వారం దేవుడు తమకు చేసిన మేలు ఒకటి చెప్పాలి. మిగిలినవాళ్ళు "ఆమేన్" అనాలి. కావలసినవి అడుక్కోవడానికి బుధవారం ప్రార్థన వేరే ఉంది. శుక్రవారం నాడు లేనిదాని గురించి నోరెత్తితే అది సణుగుడు. సణుగుడంటే నాయన లెక్కలో దొంగతనం కంటే ఒక మెట్టు పైనున్న పాపం. ఎడారిలో రోజూ ఆకాశం నుంచి రొట్టె రాలుతుంటే, కూర ఏదని అడిగినవాళ్ళ కథ ఆయన ఎన్నిసార్లు చెప్పాడో. ఆ కథ కూర దగ్గరికి వచ్చేసరికి ఆయన చూపు దానంతటదే అమ్మ వైపు తిరిగేది.

అమ్మ కూడా లేచి చెప్పేది. ఆమె చెప్పే మేళ్ళు పొట్టిగా ఉండేవి. "ఈ వారం పప్పు ఉడికింది. స్తోత్రం" అని కూర్చునేది. ఆమేన్ అనాలా వద్దా అని జనం ఒక్క క్షణం తటపటాయించేవాళ్ళు.

అప్పట్లో మేము మదనపల్లెలో ఉన్నాం. మిషను కాంపౌండులో ఉపదేశులకని కట్టిన వరసలో చివరి ఇల్లు మాది. గోడ అవతల ఆస్పత్రి. బావి నీళ్ళు కొబ్బరినీళ్ళలా ఉండేవి. ఎండాకాలం సాయంత్రం హార్స్లీ కొండ వైపు నుంచి గాలి తిరిగితే అమ్మ గడప మీద కూర్చుని తల దువ్వుకునేది. నాకు తెలిసి ఆమె మనసు నిమ్మళంగా ఉన్న ఊరు అదొక్కటే. ఆ సంగతి అప్పుడు ఆమెకే తెలియదనుకుంటాను.

మా పక్కింట్లో ఇంకో ఉపదేశి ఉండేవాడు. సణగడంలో ఆయన్ను మించినవాడు ఆ తాలూకాలో లేడు. పెళ్ళానికి దగ్గు, అత్తకు మోకాళ్ళు, కొడుక్కి ముక్కులో రక్తం, తలుపు కిర్రుమంటుంది, పిల్లి నెయ్యి తాగిపోతుంది. దొరగారు దూరంగా కనబడితే చాలు, చెప్పులు వేసుకోకుండానే పరిగెత్తి "అయ్యా" అని మొదలుపెట్టేవాడు. దొరగారు పాపం చేతులు కట్టుకుని అంతా వినేవాడు. ఆయన్ను చూసి నాయన జాలిపడేవాడు. "ఆ మనిషికి దేవుడు ఏమిచ్చినా నిండదమ్మా" అని నాతో అనేవాడు.

ఆ ఏడు పెద్ద మీటింగులో, పుంగనూరుకు ఒక ఉపదేశి కావాలి, ఎవరు పోతారని దొరగారు అడిగాడు. పక్కింటాయనకు వేళ్ళు చాలనన్ని కారణాలు ఉన్నాయి. ఇంకొకాయనకు ఉబ్బసం. మరొకాయనకు పుంగనూరులో మేనమామతో గొడవ. నాయనకు ఏ కారణమూ లేదు. లేచి, యాడైనా దేవుడుండాడు అయ్యా అన్నాడట. దొరగారు సంతోషంతో ఆయన భుజం తట్టి, "మీది మిక్కిలి తృప్తి గల కుటుంబము" అన్నాడట. ఆ మాటను నాయన ఇంటిదాకా జాగ్రత్తగా మోసుకొచ్చి అమ్మకు చెప్పాడు.

"యాడైనా దేవుడుండాడు, సరే" అంది అమ్మ. "యాడైనా నీళ్ళుండాయా?"

మేము ఖాళీ చేసిన ఇంట్లోకి పక్కింటాయన మారాడు. అత్త మోకాళ్ళకు ఆస్పత్రి దగ్గరవుతుందని అడిగితే దొరగారు వెంటనే ఒప్పుకున్నాడు.

పుంగనూరులో మాకు దొరికిన ఇల్లు అంతకుముందు ఎవరో ఉలవలు పోసుకున్న కొట్టం. బావిలో ఉప్పునీళ్ళు. చేరిన మొదటి శుక్రవారమే నాయన స్తోత్రకూటం పెట్టి, ఈ ఊళ్ళో ఉప్పు కొనే పని తగ్గిందని సాక్ష్యం చెప్పాడు. ఆ ఊరి పొట్టి ఆవునొకదాన్ని తోలుకొచ్చి, పీట లేకుండా నేల మీద కూర్చుని పాలు పిండుకోవచ్చని మురిసిపోయాడు. "ఔ, అది నిలబడిందో పండుకుందో తెలీక సందేళ వెతుకుతాండాను" అనేది అమ్మ. ఆమె అలా అన్నంత కాలం మా ఇల్లు బాగానే ఉన్నట్టు లెక్క.

ఆ ఊళ్ళోనే నాకొక తమ్ముడు పుట్టి పోయాడు. పుట్టాడనడం కూడా సరి కాదేమో, వాడు ఏడవనే లేదు. మంత్రసాని తనకు తెలిసిందంతా చేసింది. కానీ అమ్మకు రక్తం ఆగలేదు. తెల్లవారగానే ఎద్దులబండిలో గడ్డి పరిచి ఆమెను పడుకోబెట్టి మదనపల్లె దారి పట్టాం. పొద్దు వాలేదాకా బండి నడిచింది. దారి పొడుగునా నాయన బండి వెనక నడుస్తూ పెదవులు కదుపుతూనే ఉన్నాడు. అమ్మ బతికింది. ఇంటికి పంపే రోజు డాక్టరమ్మ నాయన్ను వరండాలో నిలబెట్టి, "ఈసారి కాన్పు ఇంట్లో చేయించేటట్టయితే నన్ను పిలవొద్దు. పాస్టరుగారిని పిలవండి, ఆయన పనే ఎక్కువుంటుంది" అంది. అంత మొండిగా మాట్లాడే ఆడమనిషిని నేను అంతవరకు మా అమ్మనొక్కదాన్నే చూశాను.

ఆ మరుసటి శుక్రవారం కూటం మా ఇంట్లోనే జరిగింది. అమ్మ గోడకు ఆనుకుని చాప మీద ఉంది. నాయన లేచి, మా బిడ్డ పాపం రుచి చూడకముందే దేవుడు తీసుకున్నాడు, అందుకు స్తోత్రం అన్నాడు. అందరూ కళ్ళు తుడుచుకుంటూ ఆమేన్ అన్నారు. తర్వాత వంతు అమ్మది. ఆమె లేవలేదు. తన పక్కనున్న ముసలామె వైపు చూసి, ఇక నువ్వు లేమ్మా అన్నట్టు తలూపింది. ఆ రోజు నుంచి ఏ కూటంలోనూ ఆమె మేలు చెప్పలేదు. పప్పు ఉడికిన సంగతి కూడా చెప్పలేదు. ఇంత మంచి మొగుడికి ఎంత తృప్తి లేని పెళ్ళాం దొరికిందో అని ఆడవాళ్ళు గొణుక్కోవడం నేను విన్నాను. నాకు వాళ్ళ జుట్లు పట్టుకోవాలనిపించింది.

పుంగనూరులో రెండేళ్ళు గడిచాక దొరగారు మళ్ళీ మీటింగులో, కుప్పానికి ఎవరు పోతారని అడిగాడు. మా వాళ్ళ లెక్కలో కుప్పమంటే లోకం అంచు. ఒక పక్క అరవం, ఇంకో పక్క కన్నడం. మీటింగులో అందరికీ ఒక్కసారే దగ్గు వచ్చింది. దొరగారు ఎవరి వైపు చూశాడో చెప్పనక్కరలేదు.

యుద్ధం వల్ల పెట్రోలు లేక బస్సులు బొగ్గు మీద నడిచేవి. వెనక ఒక ఇనప పీపా కట్టి అందులో బొగ్గు కాల్చేవాళ్ళు. ఎత్తు వచ్చిందంటే బస్సు మూలిగి నిలబడిపోయేది, మేము దిగి తొయ్యాలి. నాయన తోస్తూనే, కాళ్ళు పట్టేయకుండా దేవుడు మధ్యమధ్యలో నడిపిస్తున్నాడన్నాడు. అమ్మ బస్సు దిగలేదు. "నేను తృప్తిగా కూర్చోనుండాను, మీరు తొయ్యండి" అంది.

కుప్పంలో ఇల్లు రైలుకట్ట పక్కన. బండి పోయినప్పుడల్లా పెంకులు గలగలమనేవి, ఒక్కోసారి ఒకటి జారి పడేది. గడియారం కొనే అవసరం లేదని నాయన స్తోత్రం చేశాడు. మూడు భాషల్లో వాక్యం చెప్పే భాగ్యం ఇంకెవరికి దొరుకుతుందని మురిశాడు. "మూడు భాషల్లోనూ బియ్యం లేవనే సెప్తాండారు" అంది అమ్మ, ఖాళీ సంచితో అంగడి నుంచి వచ్చి. ఆమె నోరు మళ్ళీ తిరుగుతోందని నాకు ధైర్యం వచ్చింది.

తర్వాత ఆమెకు నెల తప్పింది. నాకప్పుడు పదమూడేళ్ళు, వంట సగం నా చేతిలోనే ఉండేది. ఐదో నెల దాటాక ఒక మధ్యాహ్నం నేను పొయ్యి దగ్గర ఉండగా వాళ్ళిద్దరూ నడవలో మాట్లాడుకున్నారు. మాకు మదనపల్లెలో చుట్టాలెవరూ లేరు. కాంపౌండులో తల దాచుకోవాలంటే దొరగారు చోటివ్వాలి. ఉపదేశి తన ఊరు వదిలి నెలల తరబడి ఉండాలన్నా ఆయన అనుమతి కావాలి. అంతకుమించి ఇబ్బంది లేదు. నోరు తెరిచి అడగాలి, అంతే.

"దొరగారిని అడగండి" అంది అమ్మ.

"అడిగితే సణిగినట్లు గాదా? ఇన్నాళ్ళు ఏమీ అడగకుండా ఉన్నామని గదా ఆయనకు మనమంటే అంత ఇది" అన్నాడు నాయన.

"సణిగేది వేరే, అడిగేది వేరే."

"దేవునికి సెప్పినాను. ప్రతి బుధవారం సెప్తాండాను. ఆయనకు తెలవదా?"

"దేవునికి తెలుసు" అంది అమ్మ. "దొరకే తెలవదు."

నాయన లేచి కండువా వేసుకుని పల్లెకు పోయాడు. ఆయనకు అమ్మ మీద ప్రేమ లేదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. ఆమె కాళ్ళకు నీరు వస్తే పొద్దున్నే లేచి నీళ్ళు తానే చేదిపోసేవాడు. ఆమె పడుకున్నాక చాలాసేపు ఆమె వైపే చూస్తూ కూర్చునేవాడు. మనిషికి భయం నిండా ఉంది. కానీ ఇరవై ఏళ్ళుగా దేన్నీ అడగనివాడికి అడగడం చేతకాదు, ఈత రానివాడు గట్టున నిలబడి నీళ్ళను పొగిడినట్టు స్తోత్రం చేస్తూ పోతాడు. ఆ మొండి దైవభక్తి చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఏడో నెలలో దొరగారు పర్యటనకు కుప్పం వస్తున్నాడని తెలిసింది. అమ్మ గుడ్లు పెట్టే కోడినే కోయించింది. వద్దంటే, "ఆయన కడుపు నిండితే సెవులు ఇనపడతాయేమో సూద్దాం" అంది. దొరగారు రైలు దిగి, మా సంగటిని చెంచాతో తింటూ, రుచిగా ఉన్నదని చెప్పి, పెంకులు గలగలమన్నప్పుడు పైకి చూసి నవ్వాడు. భోజనమయ్యాక ఆయన గౌరవార్థం ప్రత్యేక స్తోత్రకూటం. వారం ఏదైనా శుక్రవారం నియమమే, మేలు తప్ప ఇంకోటి చెప్పకూడదు. రైలుకట్ట మీద పనిచేసే గ్యాంగుమన్, అతని పెళ్ళాం, పల్లె నుంచి నలుగురైదుగురు, ఒక ముసలామె వచ్చారు. ముసలామె లేచి, తన కడాపన్ను ఊడిపోయిందనీ, ఇక పంటినొప్పి అనే మాటే లేదనీ స్తోత్రం చెప్పింది. దొరగారు ఎంతో ఆనందించాడు.

అమ్మ వంతు వచ్చింది. రెండేళ్ళకు పైగా ఆమె వంతు ఊరికే దాటిపోతోంది కాబట్టి పక్కనామె లేవబోయింది. అమ్మ ఆమె భుజం మీద చెయ్యి వేసి ఆపి, ఆ చేతినే ఊతం చేసుకుని తానే లేచి నిలబడింది.

"మదనపల్లెలో తియ్యనీళ్ళు ఇచ్చినందుకు స్తోత్రం" అంది. అందరూ ఆమేన్ అన్నారు. నాయన ముఖం వెలిగింది.

"పుంగనూరికి పంపించి ఆ నీళ్ళ విలువ తెలియజేసినందుకు స్తోత్రం."

ఆమేన్.

"ఆడ నాకు మొగబిడ్డనిచ్చినందుకు స్తోత్రం. వాడి ఏడుపు నా సెవిన పడనీకుండా తీసకపోయినందుకు స్తోత్రం."

ఆమేన్ అన్నారు గానీ ఈసారి గొంతులు తగ్గాయి.

"బండిలో గడ్డంతా తడిసేంత రక్తం పోయినా, ఇంకా రోంత మిగిల్చినందుకు స్తోత్రం. అప్పుడు ఆస్పత్రికి ఒక పగలు దూరంలో ఉంటిమి. మా తృప్తిని మెచ్చుకోని ఇంకా దూరం తెచ్చిపెట్టినందుకు స్తోత్రం. కుప్పంలో మట్టి మెత్తంగా ఉండాది. రేపు నాకు, ఈ కడుపులో బిడ్డకు తవ్వేవాళ్ళకి కష్టముండదు. అందుకు కూడా స్తోత్రం."

గొంతు పెంచలేదు, తగ్గించలేదు. పప్పు ఉడికిందని ఎలా చెప్పేదో అలాగే చెప్పి కూర్చుంది. ఆమేన్ అన్నది గ్యాంగుమన్ ఒక్కడే, అలవాటు కొద్దీ. పెళ్ళాం వాడిని మోచేత్తో పొడిచింది.

దొరగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నాడు. ఆయన కళ్ళలో నిజంగానే నీళ్ళున్నాయి. ఆయన తెలుగు చదువుకుని నేర్చుకున్నది. స్తోత్రమనే మాట ఎన్నిసార్లు వినబడిందో అదే ఆయనకు అందింది.

"అమ్మా, శ్రమలలో ఇట్టి స్తుతిని నేనెచ్చటను వినలేదు" అన్నాడు. "గుడుపల్లె దగ్గర కొన్ని కుటుంబములవారు వాక్యము కోరుచున్నారు. అచ్చట ఇంకను ఇల్లు లేదు. ఎవరిని పంపవలెనో తోచక నేను ప్రార్థించుచుంటిని. మీవంటి తృప్తి గల కుటుంబమే ఆ పనికి తగినది. ఇప్పుడు ఉపదేశిగారు ముగింపు ప్రార్థన చేయుదురు."

నాయన లేచాడు. అందరం తలలు వంచి కళ్ళు మూసుకున్నాం. ప్రార్థన మొదలుకాలేదు. ఒక గూడ్సుబండి పోయింది, పెంకులు కదిలి ఆగాయి, అయినా మొదలుకాలేదు. నేను కళ్ళు తెరిచాను. నాయన కళ్ళు తెరిచే ఉన్నాయి. అమ్మనే చూస్తున్నాడు. ఆమె కొంగుతో మోకాలి మీద ఏదో మరక తుడుస్తోంది.

కూటంలో నాయన ఎప్పుడూ పుస్తకాల భాషే మాట్లాడేవాడు. ఆ రోజు మా వంటింట్లో మాట్లాడే మాటే ఆయన నోటి నుంచి వచ్చింది.

"దొరగారూ, నేను గుడుపల్లెకి పోను."

దొరగారు తలెత్తాడు.

"నాకు తృప్తి లేదయ్యా" అన్నాడు నాయన. గోడ పట్టుకున్నాడు. "ఆమె సెప్పింది స్తోత్రం గాదు. మీకు అర్థం కాలేదు, నాకు అయింది. మా బిడ్డ పోయినాడని నాకు సంతోషం లేదు. ఆ పొద్దు కూడా లేదు. ఉండాదని సెప్పినాను, అంతే. ఈమెను ఈడ పెట్టుకుంటే సచ్చిపోతాది. డాక్టరమ్మ అప్పుడే సెప్పింది. మదనపల్లెలో ఆస్పత్రి కాడ మాకొక గది ఇయ్యండి. పని ఇస్తే ఇయ్యండి, లేకుంటే లేదు. గది మాత్రం ఇయ్యాల."

శుక్రవారం నియమం ఉన్న కూటంలో, దొరగారి ఎదుట, ముగింపు ప్రార్థన చెయ్యాల్సిన చోట మా నాయన సణిగాడు. ఎంత గట్టిగా సణిగాడంటే పక్కింటి కుక్క లేచి మొరిగింది. ఆయనంటే అంత గర్వం నాకు అంతకుముందు లేదు, ఆ తర్వాతా రాలేదు.

దొరగారు ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన ముఖం ఎర్రబడింది. కోపమేమో అనుకున్నాం.

"మీరు ఇది ముందుగా యేల చెప్పలేదు?" అన్నాడు. "ఆస్పత్రి వెనుక రెండు గదులు సంవత్సరము నుండి ఖాళీగానే ఉన్నవి. అడిగినవారికి ఇచ్చుచునే ఉంటిని. మీరు సంతోషముగా ఉన్నారని నేను తలంచితిని."

అమ్మ నవ్వింది. ఒక్కసారే, ముక్కుతో. నాకు నవ్వు రాలేదు. ఏడాది నుంచి తాళం వేసి ఉన్న ఆ గదుల్ని తలుచుకుంటే, దొరగారి మీద, నాయన మీద, శుక్రవారాల మీద, పక్కింటాయన అత్త మోకాళ్ళ మీద అన్నింటి మీదా కోపం వచ్చింది. దొరగారు మంచివాడని ముందే చెప్పాను. అడిగినవాళ్ళకు ఇచ్చేవాడు. అడగనివాళ్ళను మెచ్చుకునేవాడు.

ఆ వారంలోనే మళ్ళీ బొగ్గుబస్సు ఎక్కాం. నాయన బస్సు తోశాడు గానీ ఏ మంచీ ఎంచలేదు. పుంగనూరులో పీపాలో బొగ్గు నింపడానికి బస్సు ఆగినప్పుడు, తమ్ముణ్ణి పెట్టిన దిబ్బ వైపు అమ్మ చూస్తూ కూర్చుంది. నాయన దిగి ఎక్కడి నుంచో చెంబుతో నీళ్ళు తెచ్చి, "ఉప్పగా ఉండాయి, రోంత తాగు" అన్నాడు. నీళ్ళు ఉప్పగా ఉన్నాయని ఆయన నోటి నుంచి వినడం అదే మొదలు.

మదనపల్లె చేరిన పది పన్నెండు రోజులకే, నెలలు నిండకుండానే అమ్మకు నొప్పులొచ్చాయి. డాక్టరమ్మ ఒక పగలంతా లోపలే ఉంది. ఆడపిల్ల. గుప్పెడంత ఉండి కూడా గట్టిగానే ఏడ్చింది. మరునాడు పొద్దెక్కేదాకా ఉంది, తర్వాత లేదు. అమ్మకు మళ్ళీ అప్పటిలాగే రక్తం పోయింది, కానీ ఈసారి ఆపడానికి మనుషులున్నారు, మందులున్నాయి. కుప్పంలో ఉండి ఉంటే రాత్రికి రాత్రే అయిపోయేదని డాక్టరమ్మ నాయనతో దాచకుండా చెప్పింది. ఈసారి మాత్రం కసురుకోలేదు.

సంగతి తెలిసి కాంపౌండువాళ్ళు వచ్చారు. నాయన ఏమంటాడో విని ధైర్యం తెచ్చుకుందామని వచ్చారనుకుంటాను, ఎందుకంటే అలాంటప్పుడు అందరికీ ఆయనే చెప్పేవాడు. పాస్టరుగారు ప్రార్థన చెయ్యమన్నారు. నాయన తల అడ్డంగా ఊపి, "ఈ పొద్దు నాకు నోరు రాదు అయ్యగారూ, మీరే సెయ్యండి" అన్నాడు. పాస్టరుగారు చేశారు. పొట్టిగానే చేశారు, మేలు.

అందరూ పోయాక అమ్మ మంచం పక్కన నాయన, కాళ్ళ దగ్గర నేను మిగిలాం. అమ్మ ముఖం సున్నం కొట్టినట్టుంది. కళ్ళ పక్కల నుంచి నీళ్ళు కారి దిండు తడుస్తున్నా తుడుచుకునే ఓపిక లేదు. నేను తుడిచాను.

"నేను ఇంకా ముందే అడిగింటే..." అని నాయన మొదలుపెట్టాడు.

"అడిగినారు గదా" అంది అమ్మ.

"బిడ్డ దక్కలేదు గదమ్మీ."

"దక్కలేదు. నాకు ఏడుపు వస్తాండాది, ఏడుస్తాను. ఎన్నాళ్ళు ఏడుస్తానో నాకే తెలవదు." ఊపిరి తీసుకోవడానికి ఆగింది. "కానీ నన్ను సావనీకూడదని ఒక మనిషి అంతమందిలో నిలబడి అడిగినాడు. నాకది సాలు. దేవునికి స్తోత్రం."

నాయన ఉలిక్కిపడి ఆమె ముఖంలోకి చూశాడు. నేనూ చూశాను. ఎగతాళి ఎక్కడుందా అని ఇద్దరం వెతికాం. ఎక్కడా లేదు. ఆమె అన్నది అన్నట్టే ఉంది.

మంచం పట్టె మీద తల పెట్టి మా నాయన అవతలి వార్డుకు వినబడేంత గట్టిగా ఏడ్చాడు. అమ్మ చెయ్యి చాచి ఆయన తల మీద వేసింది.